కొండమీది చూపు: విశాఖ నేర్పు పాఠములు

మన తీరప్రాంతమున చాల భాగము పల్లపు నేల. కృష్ణా, గోదావరి ముఖద్వారముల యొద్ద సముద్రమును చూడగోరువారికి ఇసుకతిన్నె కంటె ఎత్తైన చోటు దొరకుట అరుదు. విశాఖపట్టణపు స్థితి వేరు. తూర్పు కనుమల శాఖలు ఇచ్చట కెరటముల అంచు వరకు సాగివచ్చి నిలిచినవి. ఉత్తరమున సింహాచలపు వరుస, దక్షిణమున యారాడ వరుస, ఈ రెంటి నడుమ దొన్నె వలె పల్లమైన చోట నగరమును ఓడరేవును అమరియున్నవి. కొండయు కడలియు ఒక్క చూపులో ఇముడు ఇట్టి పట్టణములు మన దేశమున అనేకము లేవు.

కార్తిక వనభోజనములకును, సింహాద్రి అప్పన్న దర్శనమునకును, పాఠశాలల విహారయాత్రలకును గ్రామములనుండి వేలమంది ఈ నగరమునకు వచ్చుచుందురు. వారిలో పలువురు మిట్టమధ్యాహ్నము ఏదో ఒక కొండ నెక్కి, ఎండకు కన్నులు చికిలించుకొని, చూచినది చాలునని దిగిపోవుదురు. మరొకవైపు, కొండలును తీరమును గల పెక్కు గ్రామములకు ఇటీవలి సంవత్సరములలో పట్టణవాసులే చూపరులై వచ్చుచున్నారు. చూడదగిన చోటును ఎన్నుకొనుట ఎట్లో, దానిని చెడకుండ కాపాడుకొనుట ఎట్లో పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట ఈ రెండు విధములను అవసరమే. విశాఖను ఉదాహరణముగా గైకొని ఆ విషయమును ఇచ్చట వివరింపనెంచితిమి.

ఎత్తు ఒక్కటే చాలదు

ఎంత ఎత్తెక్కిన అంత బాగుగా కనబడునని సామాన్యముగా అనుకొందురు. ఇది కొంతవరకే నిజము. భూమి గుండ్రముగా ఉండుటచే మన చూపు సముద్రముపై కొంత దూరము పోయి ఆగిపోవును. తీరమున నిలుచున్న మనిషికి నీటి అంచు సుమారు 4 కిలోమీటర్ల దూరమున కనబడును. 25 మీటర్ల ఎత్తునుండి చూచినచో 18 కిలోమీటర్లు, 100 మీటర్ల ఎత్తునుండి 36 కిలోమీటర్లు కనబడును. అనగా ఎత్తు నాలుగింతలైనపుడు చూపు రెండింతలు మాత్రమే పెరుగును. కావున మిక్కిలి ఎత్తైన శిఖరమునకై శ్రమపడుట కంటె, ఒక మోస్తరు ఎత్తుగల కొండయొక్క సముద్రమువైపు పొడుచుకొనివచ్చిన భుజము నెన్నుకొనుట మేలు. శిఖరమున చుట్టును చెట్లు అడ్డురావచ్చును. భుజమునుండి చూపు రెండు ప్రక్కలకును తీరము వెంబడి సాగును.

మరియొక సంగతి. విశాఖకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన పెద్దకొండను డాల్ఫిన్ నోస్ అందురు. డాల్ఫిన్ అను సముద్రప్రాణి ముక్కు వలె ఉండుటచే ఆ పేరు వచ్చినది. నగరమునకు ఆనవాలు ఆ కొండయే. ఐనను దానిపై నిలుచున్నవానికి ఆ రూపము కానరాదు. తన ముక్కు తనకు కనబడదు కదా! ఆ ముక్కును చూడవలెనన్నచో ఎదుటనున్న కైలాసగిరి కేగవలెను. 'దూరపు కొండలు నునుపు' అను సామెతను మనము ఎత్తిపొడుపుగా వాడుదుము గాని, చూపరికి అది చక్కని సలహా. ఏ కొండ అందమును చూడగోరుదుమో ఆ కొండ నెక్కరాదు. దాని కెదురుగా ఉన్నదాని నెక్కవలెను.

వేళ తప్పిన చూపు చప్పన

విశాఖ తీరము నైరుతినుండి ఈశాన్యమునకు వాలుగా సాగుచున్నది. కావున సముద్రము నగరమునకు ఆగ్నేయ దిక్కున ఉన్నదనవచ్చును. డిసెంబరు మాసమున సూర్యుడు తూర్పునుండి ఆగ్నేయమునకు ఒరిగి, తెరపియగు కడలినుండి నేరుగా పైకి వచ్చును. జూన్ మాసమున ఈశాన్యమునకు ఒరిగి, భీమునిపట్టణపు తీరమునకు చేరువగా ఉదయించును. అస్తమయము మాత్రము ఎల్లకాలమును నేలవైపు కొండల వెనుకనే.

దీనివలన ఒక సులభమైన నియమము ఏర్పడుచున్నది. సూర్యోదయమును చూడగోరువారు తెల్లవారుజామున సముద్రపుటంచు కొండకు పోవలెను. తీరరేఖను, పడవలను, కెరటముల రంగును చూడగోరువారు సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున పోవలెను. అప్పుడు సూర్యుడు చూపరి వీపునకు వచ్చి, ఎదుటనున్నదానిపై వెలుగు పడును. నేలవైపు కొండలను చూచుటకు ఉదయపు వేళయే తగినది. మధ్యాహ్నపు టెండలో దేనికిని నీడ ఉండదు. నీడ లేనిచో కొండల మడతలు తెలియరావు.

నగరము దొన్నె వంటి పల్లమున ఉండుటచే చలికాలపు ఉదయములందు పొగయు మంచును అడుగున నిలిచిపోవును. వర్షము వెలిసిన మరునాడు గాలి కడిగినట్లుండును. ఆ దినమున దూరపు కొండల వరుసలు ఒకదానివెనుక నొకటిగా లెక్కింపవచ్చును.

ఏ చోటినుండి ఏమి కనబడును?

కైలాసగిరి పైకి రహదారియు, తీగమార్గమును గలవు. ముసలివారిని పిల్లలను వెంటబెట్టుకొని వచ్చువారికి ఇది అనుకూలమైనది. దక్షిణపు అంచున నిలుచున్నచో లాసన్స్ బే మొదలు రామకృష్ణా బీచి మీదుగా డాల్ఫిన్ నోస్ వరకు తీరము కొడవలి వంపుగా కనబడును. ఉత్తరపు అంచున నిలుచున్నచో జోడుగుళ్లపాలెము, ఋషికొండ వైపు తీరము కనబడును. ఒకే కొండపై రెండు చూపులు ఉన్నవి. పెక్కుమంది మొదటిదానిని చూచి రెండవదానిని మరచుచుందురు. కొండ దిగువన రహదారి ప్రక్కనే టెన్నేటి విశ్వనాథముగారి పేరిట వెలసిన ఉద్యానము గలదు. కొండ నెక్కజాలనివారికి అదియే చాలును.

పాతపట్టణమున ఓడరేవు చెంత మూడు చిన్నకొండలు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, మరొకదానిపై దర్గా, వేరొకదానిపై మేరీమాత చర్చి వెలసినవి. 1933లో ప్రారంభింపబడిన ఓడరేవు లోనికి పోవు కాలువ వీని పాదముల యొద్దనే ఉన్నది. పెద్ద ఓడ కాలువలో ప్రవేశించునపుడు ఈ కొండలపైనుండి చూచువారికి అది వీధిలో రథము వచ్చినట్లు తోచును. ఇవి ఆరాధనాస్థలములు గనుక చూపరులు వేళలను మర్యాదలను పాటింపవలెను.

యారాడ కొండ దారి మరియొక విధమైనది. కనుమ దాటినంతనే మూడువైపుల కొండలును, నాలుగవవైపు సముద్రమును గల యారాడ తీరము క్రింద కనబడును. ఈ ప్రాంతమున కొంత భాగము నౌకాదళపు అధీనములో ఉన్నది. దీపస్తంభమును చూచుటకు నియమిత వేళలు ఉండును. ముందుగా విచారించి బయలుదేరుట మంచిది.

భీమునిపట్టణపు దారిలో ఎర్రమట్టి దిబ్బలు గలవు. గాలియు నీరును వేలాది సంవత్సరములు పేర్చి, మరల కోసి మలచిన ఎర్రని ఇసుక గుట్టలివి. 2025లో భారతదేశము వీనిని యునెస్కోవారి ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేర్పించినది. వీనిని అంచుననుండియే చూడవలెను. పైకెక్కి త్రొక్కినచో దిబ్బ జారిపోవును. జారినది తిరిగి నిలువదు.

తొట్లకొండ చెప్పు మాట

అదే దారిలో, నగరమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, మంగమారిపేట చెంత తొట్లకొండ ఉన్నది. ఎత్తు 128 మీటర్లు. నౌకాదళమువారు 1976లో విమానమునుండి పరిశీలన జరిపినపుడు దీనిపైగల శిథిలములు బయటపడినవి. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపి, సుమారు రెండువేల ఏండ్ల నాటి బౌద్ధ విహారమును వెలికి తీసిరి. ఇచ్చటనుండి సముద్రము 40 కిలోమీటర్ల దూరము వరకు కనబడుట లెక్కకు సరిపోవుచున్నది.

మనము గమనింపవలసినది చూపు ఒక్కటే కాదు. కొండపై రాతిని తొలిచి వాననీటిని నిలుపు తొట్లను చేసికొనిరి. ఆ తొట్లనుబట్టియే కొండకు పేరు వచ్చినది. సమీపమునగల బావికొండకును నీటి బావులే పేరు తెచ్చినవి. ఎత్తైన చోట నివసింపవలెనన్నచో మొదట నీటి సంగతి చూడవలెనని ఆ భిక్షువులు ఎరిగియుండిరి. నేడు పెక్కుచోట్ల కొండపై బల్లలును రంగుల బొమ్మలును ముందు వచ్చుచున్నవి. త్రాగునీరును స్త్రీలకు మరుగుదొడ్డియు వెనుక వచ్చుచున్నవి, లేదా రాకయే పోవుచున్నవి. ఈ వరుస మారవలెను.

చెట్లు పోయిన దినము

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. ఒక్క దినములో కొండలపై చెట్లు విరిగి, పెల్లగిలి, నిన్నటి పచ్చదనము నేటికి మోడులైనది. చూపునకు అందము నిచ్చునది కొండ ఎత్తు కాదు, దానిని కప్పియున్న పచ్చదనమని నగరవాసులందరకును ఆనాడు తెలిసినది. గాలికి పోయిన చెట్టును తిరిగి పెంపవచ్చును. గనికై తొలిచిన కొండ అంచు, ఇండ్ల స్థలములకై చదును చేసిన కొండ వాలు తిరిగి రావు. తుపాను చేసినదానికంటె మన సంతకము చేయగల చెరుపు పెద్దదని గ్రామ పెద్దలు జ్ఞాపకముంచుకొనవలెను.

మీ గ్రామమునందు

విశాఖ వెనుకగల మన్యమున, పాడేరు సమీపమందలి వంజంగి కొండకు చలికాలపు తెల్లవారుజామున పాలసముద్రము వలె పరచుకొన్న మేఘములను చూచుటకు దూరప్రాంతముల జనులు వచ్చుచున్నారు. మారుమూల గ్రామమునకు ఒక్కమారుగా వాహనములు రాజొచ్చినచో ఆదాయముతో పాటు చెత్తయు, ఇరుకును, ప్రమాదమును వచ్చును. చూపరులు వచ్చిన పిదప యోచించుటకంటె ముందుగా యోచించుట తేలిక.

మొదట చోటును నిర్ణయింపవలెను. గొర్రెల కాపరులను, కట్టెలు తెచ్చువారిని, తీరగ్రామములైనచో జాలరులను అడుగవలెను. సముద్రముపై పోవు జాలరి కొండల ఆనవాళ్లనుబట్టి తావు గుర్తించును. ఏ కొండ ఎచ్చటినుండి ఎట్లు కనబడునో అతడు ఎరిగినట్లు మరియొకరు ఎరుగరు. వారు చెప్పిన చోట్లను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు వేళలందును, వీలైనచో వేసవి, వర్షము, చలి మూడు కాలములందును చూడవలెను.

పిమ్మట ఆ నేల ఎవరిదో తేల్చుకొనవలెను. అటవీ భూమిని ఇతర పనులకు వాడుటకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ప్రకారము కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెను. సముద్రతీరమున నిర్మాణములకు తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు వర్తించును. పురాతన శిథిలములున్న చోట పురావస్తు శాఖవారి సమ్మతి లేక రాయియైనను కదల్పరాదు. షెడ్యూల్డు ప్రాంతములందు 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు విశేషాధికారముల నొసగినది. గ్రామసభయందు చర్చించి, ఒప్పుకొన్న పనులను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుట సరియైన మార్గము.

చేయవలసిన పనులు కొన్నియే. వాహనములు కొండక్రిందనే ఆగునట్లు ఒక స్థలము, పైకి కాలిబాట, లోయ అంచున నడుము ఎత్తున గట్టి కమ్మీ, త్రాగునీరు, మరుగుదొడ్లు, చెత్తను ప్రతిదినము క్రిందికి దింపు ఏర్పాటు. ఫొటోల మోజులో రాళ్ల అంచులకు పోయి ప్రాణములు పోగొట్టుకొనినవారు లేకపోలేదు. నాచు పట్టిన రాళ్లయొద్ద హెచ్చరిక పలక పెద్ద అక్షరములతో ఉండవలెను. వాహనముల రుసుము వసూలు చేసినచో ఆ సొమ్ములో మొదటి భాగము పారిశుద్ధ్యమునకే వినియోగింపవలెను. తినుబండారముల అంగళ్లు గ్రామపు స్వయంసహాయక సంఘముల స్త్రీలకు అప్పగించినచో లాభము గ్రామమునందే నిలుచును.

చేయరానిది ఒక్కటే: చూపునకు అడ్డుగా ఏమియు కట్టరాదు. ప్రకటన పలకయైనను, విశ్రాంతి గృహమైనను, ప్రతిమయైనను చూపరికి వెనుకవైపున ఉండవలెను గాని ఎదుట ఉండరాదు. కొండపైనుండి కనబడు దృశ్యమునకు పట్టా లేదు, సర్వే నంబరు లేదు. కావుననే దానిని తమదిగా భావించి కాపాడువారు పంచాయతీవారు తప్ప మరియొకరు ఉండరు.