గబ్బిలానికి నూటికి ఐదు పాళ్లు

ఇంట్లోకి గబ్బిలం దూరితే అపశకునమని మన పెద్దవాళ్లు శాంతి చేయించేవారు. అటువంటి ప్రాణిని జాషువా మహాకవి 1941లో కావ్యానికి ఎక్కించి, దిక్కులేనివాని మొరను శివుని చెంతకు చేరవేసే దూతగా నిలబెట్టారు. ఇప్పుడు దూరదేశమైన మెక్సికోలో గబ్బిలం సారా సీసా మీదికి కూడా ఎక్కింది. కుటుంబ పత్రికలో సారా ప్రసంగమేమిటని సోదరీమణులు కోపగించుకోవద్దు. తాగమని చెప్పటం నా ఉద్దేశం కాదు. ఆ సీసా వెనుక ఉన్న లెక్క మనం కూడా తెలుసుకోదగినది.

మత్తు పానీయాలు అమ్మి, ఆ సొమ్ముతో అడవి ప్రాణులను కాపాడతామనే పద్ధతి ఈ మధ్య చాలా దేశాల్లో కనబడుతున్నది. చిన్న బీరు బట్టీలవారు సైతం ఏదో ఒక పక్షి పేరో, జంతువు పేరో పెట్టి సీసాకు ఇంత అని చందా తీస్తున్నారు. సింగపూరులో పుట్టిన టైగర్ బీరువారు 2017లో తమ సీసాల మీది పులిబొమ్మను కొంతకాలం తీసివేసి, పులుల రక్షణకు పది లక్షల డాలర్లు ఇచ్చారు. మంచిదే. ఎవరు ఇచ్చినా దానం దానమే. అయితే ఆ సీసాకూ పులికీ పేరులో తప్ప వేరే చుట్టరికం లేదు. అమ్మకం తగ్గితే చందా కూడా తగ్గుతుంది. మెక్సికో సంగతి అలా కాదు.

దక్కను వైపు రైలులో ప్రయాణం చేసేవారు పట్టాల పక్కన కంచెలా పెరిగిన కిత్తనార మట్టలను చూసే ఉంటారు. అది అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చిన మొక్క. దాని దాయాది ఒకటి నీలిరంగు మట్టలతో మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రంలో వేల ఎకరాల్లో పెరుగుతున్నది. అక్కడి టెకీలా అనే ఊరి పేరే ఆ మొక్కనుంచి తీసే సారాకు వచ్చింది.

ఈ మొక్క ఆరేడేళ్లు పెరిగి, జన్మలో ఒకే ఒకసారి స్తంభం వంటి కాడ వేసి, పూచి, విత్తనమిచ్చి చచ్చిపోతుంది. ఆ పూతకు కావలసిన తీపి అంతా ముందుగా మొదట్లోని దుంపలో కూడబెట్టుకొంటుంది. రైతుకు కావలసింది ఆ తీపే. కనుక కాడ ఎదగనివ్వకుండా నరికి, మట్టలు చెక్కి, దుంపను కాల్చి, నలిపి, రసం పులియబెట్టి బట్టీ పెడతారు. అందువల్ల అన్ని ఎకరాల తోటలోనూ పువ్వన్నది కనబడదు.

ఆ పూవు మీద బ్రతికేది పొడవు ముక్కు, పొడవు నాలుక గల చిన్న గబ్బిలం. సుమారు రెండు తులాలు తూగుతుంది. రాత్రివేళ తేనె తాగుతూ, మూతికి అంటిన పుప్పొడిని ఒక చెట్టునుంచి మరో చెట్టుకు మోస్తుంది. పూతల వెంబడి వందల మైళ్లు ఎగిరి, సరిహద్దు దాటి అమెరికాలోని అరిజోనా దాకా పోతుంది.

పూత లేకపోతే నష్టం గబ్బిలానికే కాదు, రైతుకు కూడా. విత్తనం లేదు గనుక పిలకలు తీసి నాటుతారు. అన్నీ ఒకే అచ్చులో పోసిన మొక్కలు. ఒకదానికి తెగులు వస్తే అన్నిటికీ వచ్చినట్లే. 1990 దశకంలో తెగులు సోకి తోటలు విపరీతంగా దెబ్బతిన్నాయి.

మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలోని ఆచార్య రోద్రిగో మెదెయిన్ జీవితమంతా గబ్బిలాల మీద పరిశోధన చేసినవారు. ఆయనా, మరికొందరూ కలిసి సారా బట్టీలవారిని చందా అడగలేదు. తోటలో నూటికి ఐదు మొక్కలను నరకకుండా పూయనివ్వండి, చాలునన్నారు. అలా విడిచిపెట్టినవారి సరుకును తనిఖీ చేసి, గబ్బిలానికి మేలు చేసినదని సీసా మీద ముద్ర వేయటం మొదలైంది. ఆ ముద్ర గల సీసాలు 2016లో బజారుకు వచ్చాయి. ఆరేడేళ్లు కష్టపడి పెంచిన పంటలో ఐదు పాళ్లు వదులుకోవటం చిన్న త్యాగం కాదు. అందుకే ఒప్పుకొన్నవారు కొద్దిమందే.

ఫలితమేమిటని పాఠకులు అడగవచ్చు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ గబ్బిలాన్ని అంతరించిపోతున్న ప్రాణుల పట్టికలో చేర్చినప్పుడు లెక్కకు దొరికినవి వెయ్యికి లోపు. 2018లో ఆ పట్టికనుంచి తీసివేసేనాటికి అవి సుమారు రెండు లక్షలు. మెక్సికో 2013లోనే తన పట్టికనుంచి తీసివేసింది. ఇది సారావారి ఘనత అనటం న్యాయం కాదు. గుహలకు రక్షణ కల్పించి, గబ్బిలాలను చంపవద్దని పల్లెవారికి నచ్చచెప్పిన ఫలం అది. కాని బ్రతికి బట్టకట్టిన ప్రాణికి ఏటేటా తిండి కావాలి గదా! ఆ ఐదు పాళ్లూ అందుకు.

మన దేశంలో పండ్లు తినే గబ్బిలాలను 1972 నాటి వన్యప్రాణి చట్టం కాకులు, ఎలుకలతో కలిపి చెరుపు చేసే ప్రాణుల పట్టికలో వేసింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. ఒడిశాలోనూ, మన్యం వైపూ ఉండే మనవారికి ఇప్పపూవు తెలియనిది కాదు. ఆ పూవు కోసం రాత్రివేళ వచ్చి, పుప్పొడి మోసి, విత్తనం చల్లేది గబ్బిలమే. తమిళనాట కొన్ని పల్లెల్లో, ఊరి చెట్టు మీది గబ్బిలాలు బెదురుతాయని దీపావళికి టపాకాయలే కాల్చరు. వారికి ఏ చట్టమూ ఆ మాట చెప్పలేదు.

మన తాతలు కోతలు కాగానే వరికంకులను కుచ్చుగా అల్లి, ఇంటి చూరుకూ గుడి మండపానికీ పిచ్చుకల కోసం వ్రేలాడదీసేవారు. దాన్ని దానమని ఎవరూ అనలేదు. పంటలో పిచ్చుక వాటా పిచ్చుకకు ఇచ్చామనే అనుకొన్నారు. మెక్సికో రైతు విడిచిన ఐదు మొక్కలూ ఆ వరికుచ్చు వంటివే. ఊళ్లు మారినా మన ఇళ్ల వసారాలు ఇంకా ఉన్నాయి. ఈ సంక్రాంతికి పిల్లలచేత ఒక కుచ్చు కట్టించి చూడండి.