ఇచ్చిన చరిత్ర, తెచ్చుకున్న చరిత్ర

గూడూరు చుట్టుపక్కల దళితవాడల్లో ఇవాళ చరిత్ర పుస్తకం ఉన్న ఇళ్ళు తక్కువ, సెల్‌ఫోన్ లేని ఇళ్ళు ఇంకా తక్కువ. మన పిల్లలకు అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ తెలిసింది సినిమా ద్వారా. అంబేద్కర్ మాటలు అందేది వాట్సాప్ ద్వారా. తమ జిల్లా ఆడవాళ్ళు నడిపిన సారా వ్యతిరేక పోరాటం గురించి ఏమన్నా తెలిస్తే అది ఓ ఐదు నిమిషాల వీడియో ద్వారా. దీన్ని చూసి ముక్కు విరిచే పంతుళ్ళున్నారు. అంతా ఫోన్లోనే ఉంది, ఇంక పుస్తకమెందుకు అనే కుర్రాళ్ళూ ఉన్నారు. ఈ రెండు ధోరణులూ మనకు పనికిరావని మా అభిప్రాయం.

మా కుటుంబంలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మేము. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎక్కడుంటుందో అడగడానిక్కూడా జంకిన రోజులు మాకు గుర్తే. ఆ జంకు లేకుండా వెతుక్కునే వీలు ఫోనువల్ల వచ్చింది. దాన్ని మేం తక్కువ చేయం. అయితే దొరికినదాన్ని ఎట్లా చదవాలో, దొరకనిదాన్ని ఎట్లా నిలుపుకోవాలో ఫోను చెప్పదు. ఆ పని చరిత్ర చెప్పేవాళ్ళది, నేర్చుకునేవాళ్ళది. ఇందుకు మన జిల్లా పోరాటాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ఒక పాఠం రావడం, పోవడం

1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా నడిచింది. రాత్రి బళ్ళు, కళాజాతాల పాటలు, నాటికలు, వయోజన విద్యా వాచకాలు వాడల్లోకి వచ్చాయి. అప్పటికే 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వం సారాను పాకెట్లలో ఊళ్ళకు చేరవేస్తోంది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా కొట్టుకు చేరేవి. దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో ఈ సంగతి మాట్లాడుకుని, 1992లో తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది. ఆడవాళ్ళు సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు.

ఈ పోరాటం 2007లో వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలోకి ఎక్కింది. స్వాతంత్ర్యానంతర భారత రాజకీయాల మీద రాసిన ఆ పుస్తకంలో ప్రజా ఉద్యమాల మీద ఒక అధ్యాయం ఉండేది. 1972లో మహారాష్ట్రలో పుట్టిన దళిత్ పాంథర్స్ గురించీ, దూబగుంట గురించీ అందులో ఉంది. నెల్లూరు జిల్లాలో సారా వేలంపాట 17 సార్లు వాయిదా పడిందని కూడా రాశారు. కేంద్రీయ విద్యాలయాల పిల్లలే కాదు, పోటీ పరీక్షలకు కూర్చునే మనవాళ్ళు కూడా చదివే పుస్తకం అది. 2022లో పిల్లల మీద భారం తగ్గించే పేరుతో ఆ సంస్థ చేసిన కోతల్లో ఈ అధ్యాయాన్ని మొత్తంగా తీసేశారు. దళిత్ పాంథర్స్, నెల్లూరు ఆడవాళ్ళు ఒకేసారి పుస్తకంలోంచి పోయారు.

ఇక్కడ ఫోను చేసే మేలు చూడండి. పాత పుస్తకం ప్రతులు ఇంటర్నెట్టులో ఇంకా దొరుకుతున్నాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి విషయసూచికలు పోల్చమని పిల్లలకు చెప్తే, పాఠ్యపుస్తకం ఆకాశం నుంచి ఊడిపడేది కాదని, కొందరు మనుషులు కూర్చుని ఏది ఉంచాలో ఏది తీయాలో నిర్ణయిస్తారని వాళ్ళకు అరగంటలో అర్థమవుతుంది. ఇంతకు మించిన చరిత్ర పాఠం లేదు.

అయితే పాత పాఠం దొరికిందని సంబరపడి ఆగిపోకూడదు. ఉద్యమం నడుస్తున్నప్పుడే కంచ ఐలయ్య 1992లోనూ, హైదరాబాదులోని అన్వేషి సంస్థ 1993లోనూ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వ్యాసాలు రాశారు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. చందా కట్టినవాళ్ళకో, విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉన్నవాళ్ళకో తప్ప సులభంగా అందవు. అందరికీ అందే వీడియోల్లోనేమో కథ ఒక ఊరికీ ఒక మనిషికీ కుదించుకుపోతుంది, లేదా నిషేధం ప్రకటించిన నాయకుడి ఘనతగా మారిపోతుంది. ఆ పోరాటంలో ఎక్కువమంది కూలినాలి చేసుకునే దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్ళు. వీడియో ముగిసేసరికి వాళ్ళ కులమూ కూలీ కనబడవు. ప్రభుత్వం అక్షరాలిచ్చింది, ఆడవాళ్ళు మేల్కొన్నారు, ప్రభుత్వం నిషేధం ఇచ్చింది అన్న కథే మిగులుతుంది. అన్నీ ఎవరో ఇచ్చినవే! ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం తేలిక. 1997లో నిషేధం పోయింది, 2022లో పాఠం పోయింది.

సినిమాను పాఠంగా చదవడం

ఇదే కథ సినిమాల్లోనూ ఉంది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమాను మన పిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. సీతారామరాజు 1924లో, భీమ్ 1940లో చంపబడ్డారు. వాళ్ళిద్దరూ కలుసుకున్నది కల్పన. అది కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు కాబట్టి ఆ తప్పు పట్టుకుని కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. అడగవలసింది వేరే ఉంది. నిజం భీమ్ పోరాడింది నిజాం రాజ్యపు అధికారుల మీద, గోండుల అడవి హక్కుల కోసం. సినిమాలో శత్రువు తెల్లదొర మాత్రమే. చివర్లో భీమ్ రామరాజును చదువు చెప్పమని అడుగుతాడు. భీమ్ పేరుతోనే ముడిపడిన 'జల్, జంగల్, జమీన్' నినాదాన్ని జెండా మీద రామరాజు రాసిస్తాడు. ఆదివాసీ నినాదం ఆదివాసీకి పైనుంచి అందింది! ఈ సన్నివేశాన్ని ఆపి, ఇది ఎవరి మాట, ఎవరి చేత రాయించారు అని అడిగితే తరగతి గదిలో చర్చ దానంతటదే మొదలవుతుంది.

సినిమాకైనా, వీడియోకైనా, పుస్తకానికైనా నాలుగు ప్రశ్నలు చాలు. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎవరికోసం చెప్పారు? ఎవర్ని వదిలేశారు?

పాత రికార్డులకూ ఇవే ప్రశ్నలు. బాస్వెల్ 1873లో కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు భాగాలుగా అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. గూడూరు ప్రాంతపు శాసనాలు కూడా వాటిలో ఉన్నాయి. అయితే శాసనంలో భూమి ఇచ్చినవాడి పేరుంటుంది, పుచ్చుకున్నవాడి పేరుంటుంది. ఆ భూమిలో నాట్లేసిన వాళ్ళ పేర్లు వెతికితే దొరకడం అరుదు. మాన్యువల్ పాలించే అధికారి అవసరం కోసం రాసింది. అందులో మాల, మాదిగ, యానాదుల గురించి వాళ్ళే చెప్పుకున్న మాట ఉండదు, వాళ్ళ గురించి ఇంకొకరి మాట ఉంటుంది. చదవొద్దని మేం అనడం లేదు. ఎవరి కళ్ళద్దాల్లోంచి చూస్తున్నామో తెలిసి చదవాలంటున్నాం.

వాట్సాప్‌లో వచ్చే అంబేద్కర్ సూక్తుల విషయంలో కార్యకర్తలు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆయన అనని మాటను మనం సభలో చదివితే, ఎదుటివాడు ఆ ఒక్క తప్పు పట్టుకుని ఆయన అన్న వంద మాటల్నీ కొట్టిపారేస్తాడు. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చువేసిన ఆయన రచనలు, ప్రసంగాల సంపుటాలు భారత విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తెలుగు విశ్వవిద్యాలయం తెలుగులోకి తెచ్చింది. ఏ సంపుటం, ఏ పేజీ అని అడగడం పిల్లలకు అలవాటు చేయాలి.

మన రికార్డు మనమే

రికార్డులో లేని మన మాటను ఇంకెక్కడ వెతకాలి? ఇంట్లోనే. ఒక వాడలో ఆదివారాలు మేం నడిపే తరగతిలో ఇంటరు చదివే అమ్మాయి, సారా పోరాటంలో పాల్గొన్న తన అవ్వను ఫోన్లో రికార్డు చేసింది. "పలక పట్టకముందే నాకు లెక్కలొచ్చు తల్లీ" అనింది ఆ అవ్వ. "కూలెంత, అంగట్లో అప్పెంత, సారాయి కొట్లో పోయిందెంత అని దినామూ వేసుకునేదాన్ని. రాత్రి బళ్ళో నేర్చుకునింది పేరు రాయడం. ఆ పేరు అర్జీ మీద పెట్టినాం." అక్షరాలు వచ్చాక తెలివి వచ్చిందనే కథను ఈ నాలుగు మాటలు తలకిందులు చేశాయి.

ఇప్పుడు ఆ రికార్డు లేదు. ఫోను అన్నది. మెమరీ నిండిందని, సినిమా దించుకోవడానికి అన్న దాన్ని చెరిపేశాడు. ఆ నాలుగు మాటలైనా మిగిలింది ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకోబట్టే. వాడల్లో ఫోన్లున్నాయని అన్నాం. అది చాలావరకు మగపిల్లల చేతిలో ఉంది. 2020 కరోనా కాలంలో ఫోనుందా లేదా అన్నదే చదువు ఉందా లేదా అన్నదయింది. ఉన్న ఇళ్ళలోనూ ఆడపిల్ల వంతు చివర వచ్చింది. డిజిటల్ చదువుల గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ సంగతి మాట్లాడాలి.

కాబట్టి ఉపాధ్యాయులకు, సంఘాల్లో పనిచేసే మిత్రులకు మా సూచనలు ఇవి. పెద్దల మాటల్ని ఇప్పుడే రికార్డు చేయించండి. 1992లో ముప్ఫై ఏళ్ళున్న వాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. తేదీ, ఊరు, ఎవరు ఎవర్ని అడిగారు అన్నది మొదట్లోనే చెప్పించండి. రికార్డును రెండుచోట్ల దాచండి, మాటల్ని కాగితం మీద కూడా ఎత్తి రాయించండి. ఇంటర్నెట్టులో పెట్టేముందు ఆ మనిషిని అడగండి. అప్పుడు ఎవరిమీద తిరగబడ్డారో వాళ్ళ కయ్యల్లోనే ఇప్పటికీ కూలికి పోయేవాళ్ళున్నారు. పేరు వద్దంటే పేరు తీసేయండి. అమ్మాయిలకు సంఘం ఫోను ఒకటి విడిగా ఉంచండి.

ఆ అమ్మాయి మళ్ళీ అవ్వ దగ్గరకు వెళ్ళింది. అవ్వ ఈసారి అంత వివరంగా చెప్పలేదు, మరుపొచ్చిందనింది. అయితే పక్కింటామెను పిలిచింది. ఇద్దరూ ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ గంటసేపు మాట్లాడారు. ఆ మాటలు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి.