ఏం సినిమా చూడాలె అక్కా?

హాస్టల్లో మా జూనియర్లు ప్రతి గురువారం రాత్రి అడిగే ప్రశ్న ఇది. "అక్కా, రేపు ఏం సినిమా చూడాలె? పెద్ద హీరోది ఎట్లాగూ చూస్తం, అది కాకుండ చెప్పు" అంటారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఇంతలో సావనీర్ సంపాదకవర్గం వారు ఒక వ్యాసం ఇవ్వమన్నారు. సరే, ఆ చెప్పేదేదో కాగితం మీద పెట్టేస్తే పోలా అనిపించింది.

మన కోఠి వాళ్లకు సినిమా దూరం కాదు. సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కితే నారాయణగూడ, చిక్కడపల్లి, ఆ పై స్టేషనే ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్. దిగితే సంధ్య, దేవి, సుదర్శన్ 35. సుదర్శన్ 70 ఎం.ఎం. మాత్రం 2010లో నేలమట్టమయింది. మా నాన్నగారు ఆ దారిన పోయినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడుస్తారు. చేతిలో పైసలు లేని వారం మేము నడిచి కూడా పోయాం. అశోక్ నగర్ దగ్గర గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు టీ కొట్టు దగ్గర కరెంట్ అఫైర్స్ వల్లె వేస్తుంటే, మా చేతిలో సినిమా టిక్కెట్లు! కాస్త సిగ్గేసేది, నిజం చెప్పొద్దూ.

ముందుగా సైన్స్ ఫిక్షన్ సంగతి. రాకెట్టు, రోబో వుంటే చాలు, అది శాస్త్ర కల్పన అయిపోతుందా? కాదంటాను. నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఆ సినిమాలోని యంత్రం వల్ల ఒక మనిషికి మామూలు బతుకులో ఎన్నడూ రాని చిక్కు వచ్చిందా? వస్తే చూడాలి. యంత్రం వచ్చి, మెరిసి, పోయిందంటే మన టిక్కెట్ డబ్బు ఏ.సి.కి కట్టామనుకోవాలి.

2022 సెప్టెంబరులో వచ్చిన 'ఒకే ఒక జీవితం' ఈ లెక్కకు సరిగ్గా నిలుస్తుంది. శ్రీ కార్తీక్ దర్శకుడు. వేదిక ఎక్కితే వణికిపోయే గిటార్ కుర్రవాడు (శర్వానంద్), ఇద్దరు స్నేహితులతో కలిసి 1998కి వెనక్కి పోతాడు. పోయింది లాటరీ నంబరు కోసం కాదు, ప్రమాదంలో చనిపోయిన తల్లిని బతికించుకుందామని! తల్లి వేషం అమలది. అక్కడ వాళ్లకు తమ చిన్ననాటి రూపాలే ఎదురవుతాయి. పెద్దవాడైన కొడుకు, తానెవరో చెప్పకుండా, సొంత ఇంట్లో పరాయివాడిలా కూర్చుని తల్లి చేతి అన్నం తింటుంటే మా వరుసలో ఎవరి కళ్లూ పొడిగా లేవు. ముగింపు నేను చెప్పను. కాలయంత్రం ఒక ఇనుప డబ్బా. దానిలో కూర్చున్నవాడు ఏం కోరుకుంటాడన్నదే కథ.

కాలయంత్రం అనగానే ఇంట్లో పెద్దలు 'ఆదిత్య 369' అంటారు. న్యాయమే. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు మన ప్రేక్షకుణ్ణి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోయి, అక్కణ్ణుంచి 2504వ సంవత్సరానికి పంపారు. రాయల వారి కొలువే అందరికీ గుర్తు. నాకు మాత్రం అణుయుద్ధం తరువాత జనం నేల కింద బతికే ఆ భాగమే ఎక్కువ గుర్తు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు నాన్నగారితో వెళ్లాను. ట్రిక్కులు పాతబడ్డాయి, భయం పాతబడలేదు.

'కల్కి 2898 ఎ.డి.' (2024) మీద మా గదిలో రెండు పార్టీలు. నాగ్ అశ్విన్ ఊహ గొప్పదే: నీళ్లు, పచ్చదనం అన్నీ పైనున్న 'కాంప్లెక్స్'లో, దుమ్మూ ఆకలీ కింద కాశీలో. గర్భిణుల నుండి ఒక ద్రవాన్ని తోడుకునే ప్రయోగశాల అందులో వుంది. ఆడపిల్లలుగా మేము గంటసేపు మాట్లాడుకున్నది దాని గురించే. కాని దర్శకుడు దాని దగ్గర నిలబడక పోరాటాల వైపు పరుగెత్తాడు. మొదటి సగంలో నేను వాచీ చూసుకున్న మాట వాస్తవం. సంకల్ప్ రెడ్డి తీసిన 'అంతరిక్షం' (2018) సాహసానికి మెచ్చుకోవచ్చు, అంతే.

ఇక అనిమే. ఇంగ్లీషు 'యానిమేషన్' అన్న మాటను జపాన్ వారు కురచ చేసి 'అనిమే' అన్నారు. "చిన్నపిల్లల బొమ్మలు కదా!" అని మన లెక్చరర్ ఒకరు తీసిపారేశారు. సర్, క్షమించాలి. హయావో మియాజాకి తీసిన 'ది బాయ్ అండ్ ది హెరాన్' యుద్ధకాలంలో తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడి కథ. 2024లో ఆస్కార్ తెచ్చుకుంది, ఆ మే నెలలో మన దేశపు థియేటర్లకూ వచ్చింది. అంతకు ముందు 2019లో మకోటో షింకాయ్ 'వెదరింగ్ విత్ యూ' ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసా? అభిమానులు వేల సంఖ్యలో సంతకాలు చేసి విన్నపం పంపితే! 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' వచ్చేసరికి సంతకాల అవసరం లేకపోయింది, తెలుగులో మాట్లాడుతూనే దిగింది. ఒక్క హెచ్చరిక. అది నడుస్తున్న కథకు తరువాయి భాగం. మొదటి సిరీస్ చూడకుండా పోతే, పెళ్లిలో మూడో పంక్తికి వచ్చినవాడిలా దిక్కులు చూడవలసి వస్తుంది.

జపాన్ బొమ్మలు మనకు బొత్తిగా కొత్త కూడా కావు. యుగో సాకో అనే జపాన్ ఆయన మన రామ్ మోహన్ గారితో కలిసి 1990ల మొదట్లోనే రామాయణాన్ని అనిమేగా తీశారు. అది 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా థియేటర్లలో ఆడింది. మా నాయనమ్మను తీసుకుపోదామనుకున్నాను, పరీక్షలు అడ్డొచ్చాయి.

ఇండిపెండెంట్ సినిమా దగ్గరకు వద్దాం. పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా, వారి షరతులు లేకుండా తీసుకున్నది అని స్థూలంగా అర్థం. దీనికి మన పేటలోనే ఒక ఉదాహరణ వుంది. నారాయణగూడలో పుట్టిన నగేశ్ కుకునూర్ అమెరికాలో ఇంజనీరుగా సంపాదించుకున్న సొమ్ముతో వచ్చి, 17 లక్షల ఖర్చుతో, 17 రోజుల షూటింగుతో 'హైదరాబాద్ బ్లూస్' (1998) తీశారు. రజనీష్ దోమలపల్లి 'వనజ' తీసింది కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువు కోసం. 2007లో బెర్లిన్‌లో తొలి చిత్రం బహుమతి పొందింది. మనం కూడా ప్రాజెక్టు రిపోర్టులు రాస్తున్నాం... ఎక్కడికి పోతున్నాయో!

వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూడనివారు వుంటే ఈ సెలవుల్లో చూడండి. విశాఖలోని ఆ పేట మనుషులే అందులో నటులు. ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' (2021) మరీ సరదా: ఎవరో ఆటోలో మరిచిపోయిన కెమెరాతో ఊరి జనం సినిమా తీయబోతారు.

చివరగా '23'. 'మల్లేశం' తీసిన రాజ్ ఆర్. చిత్రం, 2025 మే 16న విడుదల. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి పోయిన ఇద్దరు బస్సుకు నిప్పంటించగా 23 మంది చనిపోయారు. ఇద్దరికీ ఉరి పడింది, తరువాత అది యావజ్జీవమయింది. దాని పక్కన 1991 చుండూరు హత్యాకాండను, 1997 జూబ్లీహిల్స్ కారు బాంబును పెట్టి, చట్టం అందరికీ ఒకలాగే నడిచిందా అని ఆ సినిమా అడుగుతుంది.

మేము సోమవారం వెళ్దామనుకున్నాం, ఆదివారం అసైన్‌మెంట్ వుండి. హాలు పేరు ఎందుకులెండి. మేము నలుగురం, ఇంకో ముగ్గురు. ఏడు టిక్కెట్లకు షో వేయమన్నారు, డబ్బులు వాపసు ఇచ్చారు. మర్నాటికి అక్కడ బోర్డు మారిపోయింది. చిన్న సినిమా బతుకు శుక్ర, శని, ఆదివారాలే. మొదటి మూడు రోజుల జనాన్ని చూసే సోమవారం షోలు వుంచాలా తీయాలా అని తేల్చుకుంటారు. అందుకే జూనియర్లకు నా జవాబు ఇప్పుడు మారింది. పెద్ద హీరో సినిమా రెండో వారం కూడా వుంటుంది, దాన్ని ఆపుకోండి. చిన్నదాన్ని శనివారం లోపల చూడండి.

'23'ను ఆ తరువాత ఓ.టి.టి.లో, ఒక్క లాప్‌టాప్ చుట్టూ పదకొండు మందిమి చేరి చూశాం. అయ్యాక ఎవరూ లైటు వేయలేదు. "నిప్పు పెట్టినోళ్లకు జాలేందే?" అని ఒకామె. "జాలి సంగతి కాదు, అందర్కీ ఒక్కటే కొలత వుండాలె గద" అని ఇంకొకామె. వార్డెన్ గారు వచ్చి తలుపు కొట్టేదాకా తెగలేదు. ఒంటిగంట అయింది.