ఆతిథేయులు లేని ఊరు

హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన, ఒకప్పుడు మారేడుపల్లి, తిరుమలగిరి, బోయినపల్లి, అల్వాల్ వంటి పల్లెల పొలాలూ బీళ్లూ ఉన్న నేల మీద వెలసిన సికింద్రాబాద్‌కు పటాల్లో కనిపించని పేరు మరొకటి ఉంది. జంటనగరాల పాత కాపురస్థులు ఇప్పటికీ దానిని లష్కర్ అనే అంటారు. ఫారసీలో సైన్యమనీ, సైనిక శిబిరమనీ అర్థమిచ్చే ఈ మాట ఊరి పుట్టుకను అధికారిక నామం కంటే సూటిగా చెబుతుంది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అంటే తన రాజ్యంలో కంపెనీ పటాలాలు నిలవడానికి, వాటి ఖర్చు తానే భరించడానికి సమ్మతించాడు. ఆ పటాలాలు గుడారాలు వేసుకున్న చోటు ఇదే. 1806లో అప్పటి నిజాం సికిందర్ జా పేరు పెట్టడంతో గుడారాల గుంపు ఒక ఊరుగా కాగితాలకెక్కింది.

కుతుబ్‌షాహీ సుల్తాను కట్టించిన హైదరాబాద్‌కు చార్మినార్ అనే నడిబొడ్డు ఉంది, దాని నుంచి నాలుగు దిక్కులకు సాగే దారులున్నాయి, ఊరెవరిదన్న ప్రశ్నకు జవాబుగా ఒక దర్బారు చాలాకాలం నిలిచింది. లష్కర్‌కు అటువంటి నడిబొడ్డు గాని, కోట గాని, ఊరిని తమదిగా చెప్పుకోగల కులీన వర్గం గాని లేవు. కంపెనీ సేన మద్రాసు సైన్యానికి చెందినది కనుక తమిళ, తెలుగు సిపాయిలు వచ్చారు. వారి వెంట డోలీలు మోసే బోయీలు, తోలుతిత్తులతో నీళ్లు తెచ్చే భిస్తీలు, గుర్రాలకు గడ్డి కోసేవారు, సరుకు చేరవేసే కంట్రాక్టర్లు, జీతం డబ్బు చేతికందేలోగా అప్పులిచ్చే సాహుకార్లు వచ్చారు. ఎవరో ఒకరి జీతం మీదనో, ఎవరో ఒకరి గుత్త మీదనో వచ్చినవారే ఊరి జనమైనప్పుడు, ఒకరు ఇంటివారూ మరొకరు అతిథీ అనే తేడాకు తావు తక్కువ. పాత పల్లెల రైతులే నిజమైన ఇంటివారన్న మాట కాదనలేనిదే గాని, వారి పొలాలు కవాతు మైదానాలైన క్రమంలో వారూ శిబిరం మీద బతికేవారి జాబితాలో చేరిపోయారు. కాబట్టి ఈ ఊరి బహుళత్వానికి మూలం సహనమనే సుగుణంలో కంటే సరఫరా అనే అవసరంలో వెతకడం న్యాయం. సహనం తరువాత అబ్బిన అలవాటు.

ఈ సంగతికి పేటల పేర్ల కంటే మంచి సాక్ష్యం దొరకదు. బోయీలుండే చోటు బోయిగూడ, కుండలు చేసేవారిది కుమ్మరిగూడ, పటాలానికి దినుసులమ్మిన వీధి రెజిమెంటల్ బజార్, అశ్వికదళాన్ని సూచించే రిసాలా అనే మాట నిలిచిన అంగడి రిసాలా బజార్, బల్లెం పట్టిన రౌతుల బారకాసులు లాన్సర్స్ లైన్. కార్ఖానా, పికెట్, మడ్‌ఫోర్ట్, గన్‌రాక్ అనే పేర్లు కూడా సైన్యపు నిఘంటువులోంచే జారిపడ్డాయి. వర్తకులు కూడా తమ పేర్లు వదిలిపోయారు. దివాన్ బహదూర్ బిరుదు పొందిన సేఠ్ రాంగోపాల్ పేరు మీద రాంగోపాల్‌పేట, సేఠ్ బన్సీలాల్ పేరు మీద బన్సీలాల్‌పేట నిలిచాయి. స్వాతంత్ర్యానంతరం జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డుగా, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డుగా మారినా, చిన్న పేటల పేర్ల జోలికి ఎవరూ పోలేదు. పెద్ద వీధులకే రాజకీయం అవసరమైనట్టుంది.

దండు వల్ల వచ్చిన వైవిధ్యం దండునే దాటిపోయిన తీరును ఉజ్జయినీ మహంకాళి ఆలయ చరిత్ర బాగా చూపుతుంది. ఆలయ సంప్రదాయ కథనం ప్రకారం, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అనే వ్యక్తి 1813 ప్రాంతంలో తన పటాలంతో ఉజ్జయినిలో ఉన్నప్పుడు కలరా ప్రబలింది. వ్యాధి తగ్గితే అమ్మవారిని తన ఊళ్లో ప్రతిష్ఠిస్తానని అక్కడి మహంకాళికి మొక్కుకున్న అతడు, తిరిగివచ్చాక 1815లో కట్టె విగ్రహాన్ని నెలకొల్పాడు. ఈనాడు హైదరాబాద్ జంటనగరాల్లో ఆషాఢమాసపు బోనాలు గోల్కొండలో మొదలై, లష్కర్‌కు వచ్చి, ఆపైన పాతబస్తీ లాల్‌దర్వాజకు చేరతాయి. బోనం అంటే భోజనమే. కొత్త కుండలో వండిన అన్నాన్ని పసుపు, కుంకుమ, వేపాకులతో అలంకరించి, పైన దీపం పెట్టి, ఆడవారు నెత్తిన మోసుకెళ్లి అమ్మవారికి సమర్పిస్తారు. పోతరాజుల వీరంగం, శివసత్తుల పూనకం, ఫలహారపు బండ్ల ఊరేగింపు ఆదివారం నాటి సంబరమైతే, మరునాటి రంగం లష్కర్ బోనాలకు ప్రాణం వంటిది. అమ్మవారికి అంకితమైన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి రాబోయే ఏడాది వానలు, పంటలు, రోగాల గురించి చెప్పే భవిష్యవాణిని రంగమంటారు. దండు వెంట ఉజ్జయిని దాకా వెళ్లిన ఒక కూలివాడి మొక్కు నగర పంచాంగంలో తప్పనిసరి తేదీ అయింది. 2014 నుంచి బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ. అమ్మవారు కూడా వలసవచ్చినవారే కావడం ఈ ఊరికి తగినట్టుగానే ఉంది.

గుత్తల మీద ఎదిగిన వర్గాల్లో తమిళ ముదలియార్లది ముందువరుస. మద్రాసు సైన్యంతో పాటు దుబాసీలుగా, అంటే రెండు భాషలు తెలిసి దొరలకూ బజారుకూ నడుమ బేరం నడిపేవారుగా, సరఫరాదారులుగా వచ్చిన ఈ కుటుంబాలు ఆర్జించిన సొమ్ములో కొంత చదువుకు వెచ్చించాయి. సోమసుందరం ముదలియార్ 1862లో నెలకొల్పిన పాఠశాల మహబూబ్ కళాశాలగా పేరుపొందింది. షికాగో సర్వమత సభకు బయలుదేరడానికి కొద్ది నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు తన పాశ్చాత్య యాత్రా లక్ష్యం గురించి ప్రసంగించింది ఈ కళాశాలలోనే. ముదలియార్ల ప్రాబల్యానికి గుర్తుగా పద్మారావునగర్ అనే పేరు మిగిలింది.

పార్సీల సంఖ్య ఎన్నడూ పెద్దది కాదు గాని వారి గుర్తులు గట్టివి. ఇరాన్‌లో జరతుష్ట్ర మతాన్ని అనుసరించి, గుజరాత్ తీరానికి వలసవచ్చినవారి సంతతి వీరు. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చే స్థాయికి ఎదిగిన విక్కాజీ, పెస్తన్‌జీ మెహర్‌జీ సోదరుల కుటుంబం పేరున్న అగ్ని ఆలయం 1847 నుంచి సికింద్రాబాద్ నడిబజారులో ఉంది. మతస్థులు కానివారికి లోనికి ప్రవేశం ఉండదు కనుక దాని ముందునుంచి నిత్యం సాగిపోయే వేలమందికి అది ఒక ప్రహరీగోడ మాత్రమే. పార్సీగుట్టకు ఆ పేరు రావడానికి కారణం అక్కడి దఖ్మా. మృతదేహాన్ని నిప్పుకూ మట్టికీ అప్పగించకుండా పక్షులకు వదిలే గుండ్రని రాతికట్టడాన్ని దఖ్మా అంటారు. చుట్టూ ఇళ్లు దట్టంగా ముసిరిన ఆ గుట్ట పేరు చెప్పి ఆటో ఎక్కేవారిలో అత్యధికులు తెలుగు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలవారు.

సైన్యం తెచ్చిన మొదటి అల తరువాత రెండవ అలను రైలు తెచ్చింది. బొంబాయి, మద్రాసు మార్గం మీది వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం సొమ్ముతో వేసిన లైను 1874లో తెరచుకుంది. 1889లో బెజవాడతో కలిసింది. 1893లో లాలాగూడలో ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే వర్క్‌షాపు వెలసింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే ఈ సంస్థను 1930లో రాజ్యం స్వాధీనం చేసుకునేదాకా నడిపింది ఇంగ్లిష్ కంపెనీ. గ్యారంటీ అంటే, రైలు లాభం తెచ్చినా తేకపోయినా పెట్టుబడిదారులకు నిర్ణీత వడ్డీ చెల్లిస్తానని నిజాం ఇచ్చిన హామీ; లండన్ వాటాదారుల నిశ్చింత ఇక్కడి రైతుల శిస్తు మీద నిలిచిందన్నమాట.

ఈ రైలు కోసం లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల్లో స్థిరపడినవారిలో ఆంగ్లో ఇండియన్లు ప్రత్యేకంగా చెప్పుకోదగినవారు. తండ్రి వైపున యూరోపియన్ పూర్వీకుడుండి, భారతదేశంలో స్థిరనివాసమున్నవారి సంతతి అని రాజ్యాంగం 366వ అధికరణంలో నిర్వచించిన ఈ సముదాయానికి డ్రైవరు, గార్డు, ఫోర్‌మన్ ఉద్యోగాలు దాదాపు వంశపారంపర్యమయ్యాయి. క్వార్టర్ల పరిమాణం హోదాను బట్టి, హోదా చాలావరకు చర్మఛాయను బట్టి ఉండేవి. పైవరుసలో యూరోపియన్ అధికారి, నడుమ ఆంగ్లో ఇండియన్, అడుగున తెలుగు, తమిళ ఖలాసీ అన్న మెట్లు ఇళ్ల వరుసల్లోనే కనబడేవి. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నాట్యాలు, హాకీ మైదానం, క్రిస్మస్ కేకు అన్న జ్ఞాపకాల వెనుక ఈ మెట్లను మరచిపోతే ఈ పేటల చిత్రం సగమే అవుతుంది. రాజ్యాంగంలోని 336వ అధికరణం రైల్వే, కస్టమ్స్, తపాలా, తంతి శాఖల్లో ఆంగ్లో ఇండియన్లకున్న కోటాను రెండేళ్లకోసారి పది శాతం చొప్పున తగ్గిస్తూ పదేళ్లలో ముగించింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉండటం ఇక్కడ ఉద్యోగానికి హామీ కాకపోయినా విదేశానికి దారి అయింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోయాయి. లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ వారికున్న నామినేటెడ్ స్థానాలు 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో ముగిశాయి. సంఖ్య తరిగినా వారు తీర్చిదిద్దిన ఇంగ్లిష్ చదువు మాత్రం మిగిలింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రం కావడంతో, వారు ఖాళీచేసిన క్వార్టర్లలోకి అన్ని జిల్లాల తెలుగువారూ, ఇతర రాష్ట్రాలవారూ వచ్చి చేరారు.

మూడవ అల దేశవిభజనది. సింధు నుంచి సర్వం వదిలి వచ్చినవారు సింధీ కాలనీ కట్టుకున్నారు. వారికంటే ముందే జనరల్ బజార్‌లో బట్టల దుకాణాలు నడిపిన గుజరాతీలు, మార్వాడీలు ఉండనే ఉన్నారు; ఒకప్పుడు కుండలమ్మిన పాట్ మార్కెట్‌లో ఇప్పుడు నగల దుకాణాలదే రాజ్యం. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టిన హోటళ్లు ఊరి ఉమ్మడి గదులయ్యాయి. డికాక్షన్‌ను మూతబిగించిన గిన్నెలో విడిగా మరిగించి, పాలను వేరుగా చిక్కబరచి, కప్పులోనే రెంటినీ కలిపే ఇరానీ చాయ్ కోసం మార్వాడీ గుమాస్తా, తమిళ గార్డు, మోండా మార్కెట్ హమాలీ ఒకే పాలరాతి బల్ల ముందు కూర్చోగలిగారు. కులం అడగని ఆ బల్ల చేసిన పనిని తేలికగా తీసెయ్యడానికి లేదు.

తిరుమలగిరిలో 1934లో కొంకణి మాట్లాడే కుటుంబంలో పుట్టిన సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఈ వాతావరణపు ఫలమే. 1974 నాటి ‘అంకుర్’లో ఆయన పాత్రలతో పలికించిన దక్కనీ హిందీ గాని, 1978లో తెలుగులోనే తీసిన ‘అనుగ్రహం’ గాని, పుట్టిన ఇంటి భాషలోవి కావు. కంటోన్మెంట్ పిల్లవాడు చుట్టూ విన్న భాషలవి.

ఇంతమంది వచ్చి స్థిరపడినా, కాళ్లకింది నేల మాత్రం శిబిరం స్వభావాన్ని వదల్లేదు. బ్రిటిష్ పాలనలో ఉన్న బజారు ప్రాంతాలు 1940ల నడుమ నిజాంకు తిరిగివచ్చి, తరువాత హైదరాబాద్ నగరపాలనలో కలిశాయి. కంటోన్మెంట్ మాత్రం రక్షణశాఖ కింది బోర్డు చేతిలోనే ఉండిపోయింది. అందువల్ల పక్కపక్క కాలనీల్లో ఒకదాని చెత్త నగరపాలక సంస్థదీ, మరొకదాని చెత్త కంటోన్మెంట్ బోర్డుదీ కావచ్చు. పౌరులుండే ప్రాంతాలను నగరంలో కలపాలన్న వాదం ఏళ్లుగా నలుగుతోంది. ఆ వాదంలో తరచు వినిపించే మాట ఓల్డ్ గ్రాంట్. కంపెనీ కాలం నాటి ఉత్తర్వుల కింద కట్టుకోనిచ్చిన బంగళాలకు వర్తించే ఈ పద్ధతిలో గోడలు, పైకప్పు, తలుపులు నివాసి సొత్తు. వాటి కింది స్థలం ప్రభుత్వానిది. దండుకు అవసరం పడితే కట్టడానికి విలువ కట్టి ఇచ్చి, స్థలాన్ని వెనక్కి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. తరాల తరబడి కాపురమున్నా, ఆ బంగళాల వారసులు అమ్మబోయినా, పెంచబోయినా, చివరికి పైకప్పు మార్చబోయినా ముందుగా తేలవలసింది పాత దస్తావేజుల్లో నేల ఎవరి పేరున ఉందన్న సంగతే.