సున్నా బిల్లు సరే, కిరాయి గది కూలీ సంగతేమిటి?

పాలమూరు పల్లెల్లో వాన మొహం చాటేస్తే కూలీలకు హైదరాబాదే దిక్కు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీల్లో కిరాయికుంటూ పొద్దున్నే అడ్డా మీద నిలబడే మన వ్యవసాయ కూలీలను కలిసినప్పుడు వాళ్లు మమ్మల్ని ఒక్కటే అడిగారు: "కరెంటు బిల్లు సున్నా అన్నరు గదన్నా, మాకెందుకు రాలే?"

న్యాయమైన ప్రశ్న. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కిరాయిదారులకూ హక్కుంది. అయితే ఒక కార్డుకు ఒకటే మీటరు. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే.

మనవాళ్ల కార్డు ఊళ్లో ముసలి తల్లిదండ్రులున్న ఇంటి మీటరుకు ముడిపడింది. ఇక్కడేమో ఐదు గదులకు ఒకటే మీటరు. గదికి 60 యూనిట్లు కాలినా మొత్తం 300. ఏ గదీ గీత దాటలేదు, మీటరు మాత్రం దాటింది!

కేంద్రం 2024లోనే సూర్యఘర్ పథకం తెచ్చింది. ఇంటిపై సౌర పలకలు పెట్టుకుంటే ఒక కిలోవాటుకు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడూ ఆపైన 78 వేల సబ్సిడీ. ముందు సొంత సొమ్మో, అప్పో పెట్టాలి. పని పూర్తయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. అన్నదమ్ముల వాటాలు తెగని పాతబస్తీ ఇళ్లలో సొంతదారులకే ఇది తిప్పలు. కప్పే లేనివాడికి ఏం దక్కుతుంది?

కూలీ గదిలో ఉండేది ఫ్యాను, నీళ్లు కాచే రాడ్డు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు దాకా కాలుతుంది. 30 వాట్ల కొత్త రకానికి 14 చాలు. దాని ధరే కూలీకి అందదు. సబ్సిడీ ఇయ్యాల్సింది అక్కడ కాదా?

2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును ఎదిరించి కదిలిన జనంపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలిచ్చారు. కరెంటు రాయితీ ఎవరి దయా కాదు.

ఇక్కడి మీటరుతో కార్డు ముడిపెట్టుకోగలిగినవాళ్లు రేషన్ కార్డు, ఆధార్, మీటరు సర్వీసు నంబరుతో మునిసిపల్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. మిగతావాళ్లం కలిసి అడుగుదాం: గది గదికీ మీటరు, వలస కూలీకి బతికే చోటే రాయితీ!