12 షాట్ల యాషికా నుంచి 36 షాట్ల ఎస్‌ఎల్‌ఆర్‌కి: ఫోటోగ్రాఫర్‌కి ఏం మారింది?

ఫోన్‌లో బర్స్ట్ మోడ్ నొక్కితే క్షణాల్లో ఇరవై ఫోటోలు పడిపోతాయి. ఒకప్పుడు పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి ఒక రోల్‌లో దొరికేవి 12 షాట్లే. యాషికా మ్యాట్-124జీ లాంటి ట్విన్ లెన్స్ కెమెరాల లెక్క అది. అక్కడి నుంచి 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్‌కి మారినవాళ్లకి లాభమే కాదు, నష్టం కూడా ఉంది. సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొనాలనుకునే వాళ్లకి ఈ తేడా తెలిసి తీరాలి.

లాభం ఎక్కడ?

ట్విన్ లెన్స్‌లో పై లెన్స్ చూడటానికి, కింది లెన్స్ ఫోటోకి. పైనుంచి తొంగి చూస్తే బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. దగ్గరి షాట్లలో మనం చూసినదీ, ఫిల్మ్ మీద పడినదీ కాస్త తేడాగా ఉంటాయి. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోటో తీసే లెన్స్‌లోంచే చూస్తాం, లెన్స్ మార్చుకోవచ్చు కూడా. పైగా 36 షాట్లు. తలంబ్రాల మధ్యలో రోల్ మార్చే టెన్షన్ బాగా తగ్గుతుంది.

నష్టం ఎక్కడ?

మొదటిది నెగటివ్ సైజు. యాషికా నెగటివ్ సుమారు 56×56 ఎంఎం, 35 ఎంఎంది 24×36. అంటే విస్తీర్ణం దాదాపు 3.6 రెట్లు తక్కువ. గోడకి తగిలించే పెద్ద ప్రింట్ వేస్తే గ్రెయిన్ తొందరగా బయటపడుతుంది.

రెండోది ఫ్లాష్. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కొత్త జంటని నిలబెడితే కళ్ల కింద నీడలు పడతాయి, ఫ్లాష్ కొట్టాల్సిందే. యాషికాలో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి 1/500 సెకనులోనూ ఫ్లాష్ పనిచేస్తుంది. ఐఎస్‌ఓ 100 ఫిల్మ్‌తో ఆ ఎండకి ఎఫ్/8 చాలు. పెంటాక్స్ కె1000లో ఫిల్మ్ ముందు తెరలు కదులుతాయి. ఫ్రేమ్ మొత్తం ఒకేసారి తెరుచుకునేది 1/60 వరకే. అదే ఎండకి ఎఫ్/22 పెట్టాలి, అంటే ఫ్లాష్‌కి 8 రెట్లు పవర్ కావాలి. నికాన్ ఎఫ్‌ఎం2ఎన్‌లో 1/250 వరకు కుదురుతుంది కాబట్టి ఎఫ్/11 దగ్గర 2 రెట్లతో సరిపోతుంది.

మరి ఏది కొనాలి?

కదిలే మనుషులు, పెళ్లి హడావిడి, వీధి ఫోటోలు మీ టైప్ అయితే ఎస్‌ఎల్‌ఆర్. నిదానంగా పోర్ట్రెయిట్లు తీసి పెద్ద ప్రింట్లు వేయించాలంటే ట్విన్ లెన్స్. కె1000, ఎఫ్‌ఎం2 రెండూ మెకానికల్ షట్టర్ కెమెరాలే, బ్యాటరీ లైట్ మీటర్‌కి మాత్రమే. సెల్ అయిపోయినా పని ఆగదు.

ఏది కొన్నా లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. వైజాగ్ లాంటి ఉప్పుగాలి, తేమ ఉన్న ఊళ్లో కెమెరాని లెదర్ కేసులో మూసి బీరువాలో పెట్టకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. అవి తేమ పీల్చేశాక మార్చడం మాత్రం మర్చిపోవద్దు.