మీకు తెలుసా? డిస్లెక్సియా ఒక భాషలో బయటపడి, మరో భాషలో కనిపించకపోవచ్చు

జపనీస్‌ను విశ్వవిద్యాలయ విద్యార్థులతో సమానంగా చదివే పదహారేళ్ల అబ్బాయికి, తన తల్లిదండ్రుల భాష ఇంగ్లీషులో మాత్రం డిస్లెక్సియా (చదవడంలో ఎడతెగని ఇబ్బంది) ఉన్నట్టు 1999లో 'కాగ్నిషన్' అనే పరిశోధన పత్రిక ప్రచురించింది.

తండ్రి ఆస్ట్రేలియన్, తల్లి ఇంగ్లండ్ మనిషి. కుర్రాడు చదువుకున్నది జపాన్ బడిలో. పరిశోధకులు తాయెకో వైడెల్, బ్రయాన్ బటర్‌వర్త్ పెట్టిన ఇంగ్లీషు పరీక్షల్లో అతను సాటి జపనీస్ పిల్లల కంటే కూడా వెనకబడ్డాడు! మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడగొట్టడం దగ్గరే అతని ఇబ్బంది. ఇంగ్లీషు చదవాలంటే ఆ పని తప్పదు. పైగా ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాలు 'దో'లో ఒకలా, 'త్రూ'లో ఒకలా, 'కాఫ్'లో ఇంకోలా పలుకుతాయి. జపనీస్ కానా లిపిలో దాదాపు ప్రతి గుర్తుకూ ఒకే పలుకు. జపనీస్‌లోనే వాడే మరో లిపి కాంజీ గుర్తులనైతే ముక్కలు చేయకుండా మొత్తంగా పట్టుకోవచ్చు.

తెలుగు కూడా చాలావరకు రాసినట్టే పలుకుతుంది. అలాగని తెలుగులో డిస్లెక్సియా ఉండదని కాదు. గుణింతాలు, ఒత్తుల దగ్గర తడబడే పిల్లలున్నారు. కాబట్టి తెలుగు బాగా చదివే పిల్లవాడు ఇంగ్లీషు పాఠం దగ్గర పదేపదే ఆగిపోతుంటే బద్ధకమని తిట్టకండి. రెండు భాషల్లోనూ పరీక్ష చేయించండి. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుణ్ణి అడగవచ్చు.